నది దాటి వచ్చిన పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే: చేరదీసిన ఇంటిని కాగితం మీదికి తెచ్చే పద్ధతి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా పాతగూడెం దగ్గర ఇంద్రావతి దాటితే అవతల ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా. ఒడిశా మల్కన్‌గిరి జిల్లా మోటు దగ్గర శబరి దాటితే అదే ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కుంట. 2005లో సల్వాజుడుం (మావోయిస్టులకు ఎదురుగా ప్రభుత్వ అండతో నడిచిన సాయుధ దండు) మొదలయ్యాక ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి జనం ఈ నదులు దాటారు. 2011లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టి ఆపమన్నాక కూడా అడవిలో తుపాకుల మోత ఆగలేదు, దాటేవాళ్లూ ఆగలేదు. వాళ్లలో కొందరు పిల్లలు ఒంటరిగా వస్తారు. తల్లిదండ్రుల్లో ఒకరు పోయి ఉంటారు, ఇంకొకరు జైల్లోనో మిరప కోతల్లోనో ఉంటారు. కొందరిని మావోయిస్టు దళంలోకి తీసుకుపోతారన్న భయంతో ఇంట్లోవాళ్లే పంపేస్తారు. సంతలో, బస్టాండులో, రాయగడ, బల్హార్షా లాంటి స్టేషన్లలో తేలతారు. ఎవరో ఒకరు పిలిచి అన్నం పెడతారు. అది నెలలవుతుంది, ఏళ్లవుతుంది.

అలా అన్నం పెట్టినవాళ్లలో ఎక్కువమంది ఎవరికీ చెప్పకుండా పెంచుతారు. చెబితే బాలల హోంకు తీసుకుపోతారని భయం. ఆ భయం ఉత్తది కాదు, కానీ సగమే నిజం. 2015 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం (ఇక్కడ చెప్పే సెక్షన్లన్నీ దీనివే) 3వ సెక్షన్‌లోనే పిల్లల్ని సంస్థలో పెట్టడం ఆఖరి దారి కావాలని రాసి ఉంది. సాయుధ ఘర్షణ వల్ల దెబ్బతిన్న పిల్లలు ‘సంరక్షణ అవసరమైన పిల్లలు’ అన్న నిర్వచనంలోకి నేరుగా వస్తారు. అంటే మీ ఇల్లే వాడి ఇల్లుగా ఉండేలా అడగడానికి చట్టంలో చోటుంది. దాచిపెడితే ఆ చోటు పోతుంది. ఒంటరిగా కనిపించిన పిల్లవాడి సంగతి 24 గంటల్లో తెలియజేయకపోవడం నేరం: ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దానికంటే పెద్ద నష్టం ఇంకొకటి. నాలుగేళ్లు పెంచాక ఎవరో ఫిర్యాదు చేస్తే, మీరు చేరదీసినవాళ్లో ఎత్తుకొచ్చినవాళ్లో తేల్చే కాగితం ఒక్కటీ మీ దగ్గర ఉండదు.

మొదటి రోజు

ముందు కడుపు. రోజుల తరబడి సరిగ్గా తినని పిల్లవాడికి ఒక్కసారే కడుపునిండా కోడికూర, అన్నం పెట్టకండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, మరీ చిక్కిపోయినవాడికైతే ప్రాణం మీదికే వస్తుంది. పలచని జావ, గంజి, అరటిపండు కొద్దికొద్దిగా రెండు మూడు గంటలకోసారి ఇవ్వండి. విరేచనాలు ఉంటే ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలోనే కలపాలి. ప్యాకెట్‌లో సగం వేసి గ్లాసులో కలిపితే లెక్క తప్పుతుంది. కలిపింది ఒక రోజుకు మించి ఉంచకూడదు. ఐదేళ్లలోపు పిల్లలైతే అంగన్‌వాడీ టీచరు దగ్గర జబ్బ చుట్టుకొలత టేపు ఉంటుంది. 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే అది ఇంట్లో చేసే వైద్యం కాదు, జిల్లా ఆసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి. పాదాలు వాచినా అంతే.

జ్వరం ఉంటే ఆ రోజే ఆశా కార్యకర్తతో మలేరియా కిట్ పరీక్ష చేయించండి. గడ్చిరోలి, మల్కన్‌గిరి అడవుల్లో ఫాల్సిపారం రకం మలేరియా ఎక్కువ. అది మెదడుకెక్కితే వ్యవధి ఇవ్వదు. పిల్లవాడు ఊరికే ఒళ్లు నొప్పులంటూ, కళ్లు పచ్చబడి, కీళ్ల దగ్గర ముట్టుకోనివ్వకపోతే సికిల్‌సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) పరీక్ష కూడా అడగండి. ఈ ప్రాంతపు ఆదివాసీ పిల్లల్లో అది తరచుగా కనిపిస్తుంది. ఎండలో నడిచి నీళ్లు లేక వచ్చినవాళ్లకు ఆ నొప్పి తిరగబెడుతుంది. ఆసుపత్రి ఓపీ చీటీ పారేయొద్దు. పిల్లవాడు ఫలానా తేదీన, ఫలానా స్థితిలో మీ దగ్గర ఉన్నాడనడానికి అదే మొదటి సాక్ష్యం.

తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. స్టేషన్‌లో కనిపించినవాడైతే రైల్వే పోలీసులకో రైల్వే హెల్ప్‌లైన్ 139కో చెప్పొచ్చు. ఊళ్లో అయితే పోలీస్ పాటిల్‌కో (మహారాష్ట్రలో ఊరి తరఫున పోలీసులకు కబురు చెప్పే మనిషి) సర్పంచ్‌కో చెప్పి వాళ్ల ముందే ఫోను చేయడం మంచిది. మీరు ఫోను చేసిన టైము, అవతల ఎత్తినవాళ్ల పేరు, ఇచ్చిన నంబరు ఒక నోటుబుక్కులో రాసుకోండి. పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాల్సి వస్తే ‘బాలల సంక్షేమ పోలీసు అధికారి’ ఎవరని అడగండి. ప్రతి స్టేషన్‌లో ఒకరు ఉండాలని చట్టం. పిల్లవాడిని లాకప్‌లో ఉంచకూడదు.

కమిటీ ముందుకు

నిర్ణయం తీసుకునేది జిల్లాలోని బాలల సంక్షేమ కమిటీ. బోర్డు మీద మహారాష్ట్రలో ‘బాల కల్యాణ సమితి’ అని, ఒడిశాలో ‘శిశు మంగళ సమితి’ అని ఉంటుంది. చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, వాళ్లలో కనీసం ఒక మహిళ. పిల్లవాడిని 24 గంటల్లో వాళ్ల ముందు ఉంచాలి. ప్రయాణానికి పట్టే సమయం ఇందులో కలవదు. ఈ మినహాయింపు మన జిల్లాల్లో చాలా అవసరం: సిరొంచ నుంచి గడ్చిరోలికి 200 కిలోమీటర్లకు పైనే.

చాలామందికి తెలియని సంగతి ఒకటి. కమిటీ కూర్చోని వేళ ఒక్క సభ్యుడి ముందైనా పిల్లవాడిని హాజరుపరచవచ్చు. ఆ సభ్యుడు పిల్లవాడిని హోంలోనే పెట్టాలని లేదు, ‘తగిన వ్యక్తి’ దగ్గర ఉంచమనీ చెప్పొచ్చు. 52వ సెక్షన్ కింద కమిటీ వివరాలు సరిచూసి, ఒక వ్యక్తిని కొంతకాలానికి పిల్లవాడిని దగ్గర పెట్టుకోదగినవాడిగా గుర్తించవచ్చు. మీరు అడగాల్సింది ఇదే. అడగకపోతే ఎక్కువసార్లు హోం ఉత్తర్వే వస్తుంది. అది ఎవరి దుర్మార్గమూ కాదు, అందరికీ అలవాటైన దారి అది.

దరఖాస్తు మరాఠీలోనో ఒడియాలోనో రాయించండి. తెలుగులో ఇచ్చినా తీసుకోవచ్చు, కానీ చదివేవాళ్లు లేక ఫైలు పక్కన పడుతుంది. ఒక పేజీ చాలు. ఏ తేదీన, ఎక్కడ, ఎవరి ముందు కనిపించాడు. అప్పుడు ఒంటి మీద ఏముంది, దెబ్బలున్నాయా. ఏ భాష మాట్లాడతాడు. తన గురించి ఏం చెప్పాడు, అది వాడి మాటల్లోనే. వెంట తమ్ముడో చెల్లెలో ఉన్నారా. మీ ఇంట్లో ఎంతమంది, ఏం చేస్తారు. ‘విచారణ ముగిసేదాకా మా దగ్గరే ఉంచండి, పిలిచినప్పుడల్లా హాజరుపరుస్తాం’ అన్న వాక్యం. మీ ఆధార్ నకలు, ఆసుపత్రి చీటీ, పోలీస్ పాటిల్ లేదా వార్డు మెంబరు ఇచ్చిన ధ్రువీకరణ జతపరచండి. రెండో ప్రతి మీద ముట్టినట్టు సంతకం, ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని ప్రతి దండగ. హాజరుపరిచినప్పుడు నింపేది ఫారం 17, తర్వాత ఇంటికొచ్చి విచారించేవాళ్లు నింపేది ఫారం 22. ఆ విచారణకు 15 రోజులు, ఆఖరి ఉత్తర్వుకు నాలుగు నెలలు గడువు. పుస్తకంలో లెక్క అది. వానాకాలం వాగులు పొంగితే ఆ లెక్క కూడా వాగు అవతలే ఉంటుంది, కాబట్టి ప్రతి వాయిదా తేదీ రాసి పెట్టుకుని మీరే అడగాలి.

ఆరేళ్లలోపు పిల్లలు అనాథలుగానో వదిలేసినవాళ్లుగానో కనిపిస్తే కమిటీ వాళ్లను ప్రత్యేక దత్తత సంస్థలో ఉంచుతుంది. అక్కడ మీ మాట నెగ్గడం కష్టం, ముందే మనసు సిద్ధం చేసుకోండి. తల్లిదండ్రులు బతికే ఉండొచ్చని చూపే ఆధారం ఏదైనా ఉంటే మాత్రం ఆ రోజే చెప్పాలి. ఇంటిపేరు, ఊరి గుర్తు, చూసినవాళ్ల పేరు, ఏదైనా సరే. తల్లి ఎక్కడో ఉన్న బిడ్డ దత్తత జాబితాలోకి పోకుండా ఆపేది ఆ మాటే.

ఇప్పటికే ఏడాదో రెండేళ్లో మీ దగ్గర ఉన్నవాడైతే? ఇప్పుడైనా వెళ్లండి, తేదీలు మార్చకుండా నిజం రాయండి. పాత ఓపీ చీటీలు, బడి హాజరు, టీకాల కార్డు, పండగ ఫోటోలు తీసుకెళ్లండి. పోయేముందు జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థలో వకీలును అడగండి. నంబరు 15100. పిల్లలకు, మహిళలకు, ఆదివాసీలకు, దళితులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం.

అడగాల్సినవి, అడగకూడనివి

‘మీ ఊరేది?’ అన్న ప్రశ్నతో పని జరగదు. ఒకే పేరు గల ఊళ్లు రెండు మూడుంటాయి, పిల్లవాడు చెప్పేది చాలాసార్లు ఊరు కూడా కాదు, పారా పేరు. అవతల ప్రతి ఊరూ పటేల్‌పారా, స్కూల్‌పారా అని ముక్కలుగా ఉంటుంది. ఇలా అడగండి: అవ్వ (అమ్మ) ఏ వారం సంతకు పోయేది? పొద్దున బయలుదేరితే ఎప్పటికి చేరేది? దారిలో వాగు దాటేవాళ్లా, బస్సు ఎక్కేవాళ్లా? రేషను బియ్యం ఎక్కడ తెచ్చుకునేవాళ్లు? బళ్లో సారు పేరేంటి, వెదురు గోడల పోటా కేబిన్‌లో (అక్కడి ప్రభుత్వ వసతి బడి) చదివాడా? వీటిలో బంగారం లాంటిది సంత రోజు. ఒక్కో సంత ఒక్కో వారం, దానికి వచ్చే ఊళ్లు నడక దూరంలోవే. ‘బుధవారం సంత, పొద్దెక్కేసరికి చేరతాం, మధ్యలో ఒక వాగు’ అన్న మూడు ముక్కలతో వెతకాల్సిన ఊళ్లు పదిలోపుకు వచ్చేస్తాయి.

పేరు విషయంలో ఇంకో చిక్కు. హిడ్మా, దేవా, జోగా అనే పేర్లు ఊరికి నలుగురుంటారు. ఇంటిపేరు (మడకం, మడివి, కుంజం, సోడి, కవాసి లాంటిది), తండ్రి పేరు, పారా, ఈ మూడూ కలిపితేనే మనిషి తేలతాడు. పిల్లవాడు పలికినట్టే రాయండి, మీకు తెలిసిన తెలుగు పేరులోకి మార్చకండి. మార్చి రాసిన పేరుతో అవతలి రికార్డుల్లో ఎంత వెతికినా దొరకడు.

కోయ, దోర్లా, మాడియా మాట్లాడేవాడికి మన తెలుగు సగం అర్థమై సగం భయమేస్తుంది. దుబాసీగా ఆశా కార్యకర్తనో, ఆశ్రమ పాఠశాల టీచరునో, అదే భాష మాట్లాడే ఆడమనిషినో పిలవండి. యూనిఫారంలో ఉన్నవాళ్లు వద్దు. ఒక విడతలో అరగంట మించొద్దు.

దళంలో తిరిగావా, ఎవరికి కబురు మోశావు, ఎవరిని చంపడం చూశావు లాంటివి మీరు అడగొద్దు, చుట్టుపక్కలవాళ్లను అడగనీయొద్దు. తనంత తాను చెబితే వినండి, ఇంకొకరికి చెప్పకండి. సాయుధ గుంపు పిల్లవాడిని వాడుకుంటే 83వ సెక్షన్ కింద నేరం పెద్దవాళ్లది, ఏడేళ్ల దాకా కఠిన శిక్ష. పిల్లవాడు ఆ నేరానికి బాధితుడు. ఎవరైనా వాడిని తీసుకెళ్లి దారి చూపమన్నా, ఆచూకీ చెప్పమన్నా వెంటనే కమిటీకి రాతపూర్వకంగా తెలపండి. అలాగే వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో పెట్టి ‘ఈ బాబు ఎవరి బాబు’ అని తిప్పకండి. విచారణలో ఉన్న పిల్లవాడి పేరు, ఫోటో, చిరునామా మీడియాలో బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరమే. ఆపైన, వాడి తండ్రి మీద పగ ఉన్నవాళ్లకు మీ గడప చూపించినట్టు. సంతకు వెళ్లే ఉప్పు, ఎండుచేపల వ్యాపారుల చేత కబురు పంపాలన్నా కమిటీకి చెప్పి, తండ్రి పేరు, ఇంటిపేరు మాత్రమే ఇవ్వండి. పిల్లవాడు ఎక్కడున్నాడన్నది కబురులో ఉండకూడదు. వచ్చినవాళ్లు కమిటీ ముందుకే రావాలి.

గుంపుగా వచ్చినవాళ్లు

స్టేషన్లలో ముగ్గురు నలుగురు పిల్లలు కలిసి ఉంటారు. రక్తసంబంధం ఉండదు, కానీ పెద్దవాడు అడుక్కొచ్చింది చిన్నవాళ్లకు పెడతాడు, రాత్రిపూట వాళ్లను మధ్యలో పడుకోబెడతాడు. అధికారులు వయసు, ఆడామగా చూసి వేర్వేరు చోట్లకు పంపేస్తారు. ఆ దెబ్బకు పెద్దవాడు హోం గోడ దూకుతాడు, చిన్నది అన్నం మానేస్తుంది. తోబుట్టువులను విడదీయొద్దని 44వ సెక్షన్ చెబుతుంది. తోబుట్టువులు కాని గుంపుకు అంత గట్టి అండ లేదు. అయినా ‘వీళ్లిద్దరూ ఇన్ని నెలలుగా కలిసి ఉన్నారు, కలిపే ఉంచండి, కుదరకపోతే వారానికోసారి కలవనీయండి’ అని దరఖాస్తులో రాస్తే కమిటీ పట్టించుకోవచ్చు. నోటితో చెప్పింది ఫైల్లోకి ఎక్కదు.

ఇంట్లో

ఏమని పిలవాలన్నది మొదటి వారంలోనే తేలాలి. ‘అమ్మా అను’ అని బలవంతం చేయకండి. వాడి అవ్వ ఎక్కడో ఉండి ఉండొచ్చు. ‘చిన్నమ్మ’, ‘కాకా’, మీ పిల్లలైతే ‘అక్క’, ‘అన్న’. తల్లి పక్కనే నిలబడే వరస ఇది, తల్లి చోటు ఖాళీగానే ఉంటుంది. రాత్రి దీపం ఉంచండి. టపాకాయలు, డీజే, హెలికాప్టరు చప్పుడుకు మంచం కింద దూరితే తిట్టకండి, బయటికి లాగకండి, పక్కన కూర్చోండి. రొట్టె, అన్నం దాచుకుంటే అదీ కొంతకాలం ఉంటుంది. మూత ఉన్న డబ్బా ఒకటి ఇచ్చి ‘ఇది నీది’ అంటే చీమలు పట్టవు, దొంగతనం అన్న మాటా రాదు. పక్క తడపడం, మాట పడిపోవడం నెలలు దాటినా తగ్గకపోతే జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి.

పని మాట. ఇంటి పిల్లల్లాగా నీళ్లు తెస్తే, మేకను కడితే ఎవరూ తప్పుపట్టరు. మీ పిల్లలు బడికి పోతుంటే వాడు మేకల వెంట పోతున్నాడంటే అది చేరదీయడం కాదు, జీతగాడిని పెట్టుకోవడం. పిల్లల్ని అలా కట్టిపడేసి పని చేయించుకుంటే 79వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. మిరప కోతలకు మేస్త్రీ ‘పిల్లాడిని కూడా పంపు’ అంటే ఒప్పుకోవద్దు.

బడి సంగతి తేలికే. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు పత్రం లేదని, టీసీ లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. వయసు తేలకపోతే కమిటీ 94వ సెక్షన్ ప్రకారం తేలుస్తుంది. ముందు బడి పత్రం, తర్వాత పంచాయతీ జనన పత్రం, ఏదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. మీ అంతట మీరు ఒక పుట్టిన తేదీ అల్లి రాయించకండి.

అన్నింటికంటే ఎక్కువగా దెబ్బతీసేది ఇక్కడే: బడి రిజిస్టరులో, ఆధార్‌లో, రేషను కార్డులో తండ్రి గడిలో మీ పేరు రాయించడం. ప్రేమతోనే చేస్తారు. కానీ అది అబద్ధపు పత్రం. తర్వాత అసలు తండ్రి దొరికితే ఈ పిల్లవాడు ఆయన కొడుకని చూపలేరు, కులపత్రం రాదు, మీ మీద అక్రమ దత్తత కేసు పడుతుంది. పద్ధతి ప్రకారం కాని దత్తతకు 80వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. సంరక్షకుడి గడిలో మీ పేరు రాయించి, కమిటీ ఉత్తర్వు నంబరు జతపరచండి. తండ్రి గడిలో తెలిసిన పేరు రాయండి, తెలియకపోతే ఖాళీ.

పెంపక కుటుంబంగా మారడం

విచారణ ముగిసి సొంతవాళ్లు దొరకకపోతే, లేదా దొరికినా తీసుకెళ్లే స్థితిలో లేకపోతే, 44వ సెక్షన్ కింద ఫోస్టర్ కుటుంబంగా (దత్తత కాకుండా పిల్లవాడిని పెంచే కుటుంబంగా) గుర్తించమని జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో దరఖాస్తు పెట్టాలి. 2024 మార్గదర్శకాల ప్రకారం పెళ్లి కానివారు, ఒంటరివారు కూడా అర్హులే. ఒంటరి మగవారికి మగపిల్లల్నే ఇస్తారు. ఆరోగ్య పత్రం, పోలీసు విచారణ, ఆదాయ పత్రం, మిమ్మల్ని ఎరిగిన ఇద్దరి పేర్లు అడుగుతారు. ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు గోడలకు సున్నం వేయించి చూపాల్సిన పనిలేదు. పిల్లవాడు ఎక్కడ పడుకుంటాడు, బడి ఎంత దూరం, తాగునీరు, మరుగుదొడ్డి, ఇంట్లో తాగుడు ఉందా, ఇవే చూస్తారు. ఆమోదించాక నెలనెలా తనిఖీ ఉంటుంది. దానికి చిరాకు పడొద్దు, పిల్లవాడిని ఒంటరిగా మాట్లాడనివ్వండి.

కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు వస్తుంది. ఆలస్యమవుతుంది కూడా, నాలుగైదు నెలలది ఒక్కసారే పడొచ్చు. దాని మీద ఆధారపడి బియ్యం అప్పు చేయకండి. పిల్లవాడి పేరు మీద ఖాతా తెరిచి, ఖర్చు చీటీలు ఒక కవరులో వేసి ఉంచితే తనిఖీ రోజు వెతుక్కునే పని ఉండదు.

రెండేళ్లు ఫోస్టర్‌గా సాకాక, పిల్లవాడు దత్తతకు చట్టప్రకారం అర్హుడని కమిటీ ప్రకటించి ఉంటే, దత్తతకు దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టరు. నోటరీ కాగితం మీద ‘దత్తత’ అని రాసిచ్చే వకీళ్లు బస్టాండు పక్కనే దొరుకుతారు, ఆ కాగితం ఎందుకూ చెల్లదు.

సొంతవాళ్లు వస్తే

మీ గుమ్మం దగ్గర అప్పగింత జరగకూడదు, వచ్చినవాళ్లు ఎంత ఏడ్చినా సరే. మేనమామనంటూ వచ్చి మిరప కోతలకు తోలుకుపోయేవాళ్లు ఉంటారు. కమిటీ ముందుకు రమ్మనండి. పిల్లవాడు వేరే రాష్ట్రంవాడైతే ఇక్కడి కమిటీ అక్కడి కమిటీతో మాట్లాడి 95వ సెక్షన్ కింద పంపుతుంది. ఆడపిల్లైతే వెంట మహిళా పోలీసు ఉండాలి. మీరూ వెంట వెళ్తామని అడగొచ్చు. మూటలో టీకాల కార్డు, మలేరియా, సికిల్‌సెల్ పరీక్షల చీటీలు, బడి టీసీ, ఖాతా పుస్తకం, మీ ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. ఒక నకలు సెట్టు మీ దగ్గర ఉంచుకోండి. అవతల మళ్లీ కాల్పులు మొదలై వాడు తిరిగొస్తే, అదే ఫైలు నంబరుతో కమిటీకి రాయండి. పాత విచారణ కాగితాలు అప్పుడు పనికొస్తాయి.

ఎవరూ రాకుండా పద్దెనిమిది నిండబోతుంటే, ఆరు నెలల ముందే అనంతర సంరక్షణ (పద్దెనిమిది దాటాక ఇచ్చే సాయం) కోసం యూనిట్‌లో దరఖాస్తు పెట్టించండి. చట్టం దీన్ని హోంల నుంచి బయటికొచ్చేవాళ్ల కోసం రాసింది, కాబట్టి మీ పిల్లవాడికి వర్తిస్తుందా అని ముందే అడగండి. ఆమోదిస్తే 21 ఏళ్ల దాకా సాయం ఉంటుంది. ఖాతాకు కొత్త కేవైసీ, వాడి సంతకం కావాలి. ఆలస్యం చేయకుండా బ్యాంకుకు తీసుకెళ్లకపోతే ఖాతా ఆగిపోయి, వచ్చే డబ్బు వెనక్కిపోవచ్చు.